నాచు చేపను గాచునా?

మా పొరుగింటి వదినగారి కూతురు పురిటికి వచ్చి యున్నది. ఆ పిల్లకు చేపల పులుసనిన ప్రాణము. మొన్న చేపలామె మా యరుగు మీద తట్ట దించి, "కైకలూరు వైపునుంచి వచ్చినయ్యమ్మా, పచ్చనీళ్ల చేప, బలమైన చేప" యని శీలావతి నొకదానిని చేతబట్టి చూపినది. వదినగారు బేరము ముగించి డబ్బీయబోవుచు నొక్క నిమిష మాగి, "పచ్చనీళ్లంటే పాచి పట్టిన నీళ్లేనా? ఊళ్ల మురుగూ, కర్మాగారాల నీళ్లూ చెఱువుల్లో కలుస్తున్నాయని పత్రికల్లో వ్రాస్తున్నారు గదా. కడుపుతో ఉన్న పిల్లకు పెట్టవచ్చునా?" యని యడిగిరి. చేపలామె నవ్వి, "పాచి ఉంటేనే చేప బతుకుద్దమ్మా" యనినది. వదినగారు నావంక జూచిరి. పుస్తకములు చదువుకొన్నదను పేరొకటి వీధిలో నాకున్నందున నిట్టి ప్రశ్నలు తుదకు మా గుమ్మము నొద్దకే వచ్చును. ఆనాడు నేను చెప్పిన సమాధానము నాకే తృప్తి నీయలేదు. పిమ్మట కొంత చదివి, తెలిసినవారి నడిగి గ్రహించిన దానిని, సోదరీమణుల కుపయోగపడునని యిట వ్రాయుచున్నాను.

ముందుగా ఆ విష మెట్టిదో తెలిసికొనవలెను. సీసము, పాదరసము, కాడ్మియము, క్రోమియము, రాగి, తుత్తునాగము మున్నగువానిని శాస్త్రజ్ఞులు భారలోహములందురు. పాషాణమని మన పెద్దలెఱిగిన ఆర్సెనికును గూడ సాధారణముగా నీ పంక్తిలోనే కూర్చుండబెట్టుదురు. వీనిలో రాగియు తుత్తునాగమును ప్రాణికి రవంత కావలసినవే. మోతాదు మీఱినప్పుడే చెఱుపు. సీసముతో గాని పాదరసముతో గాని దేహమునకు ఏ పనియు లేదు. తక్కిన మాలిన్యములకును వీనికిని గల భేదమును గృహిణులిట్టే గ్రహింపగలరు. పెరటిలో వేసిన పేడ కుళ్లి యెరువగును. భోజనమైన పిమ్మట పాఱవేసిన అరటియాకు కొలది నెలలలో మన్నగును. సీసము నూఱేండ్లకైనను సీసమే. అది కుళ్లదు, నశింపదు. తావు మాత్రము మార్చుకొనును. నీటినుండి బురదకు, బురదనుండి పురుగునకు, పురుగునుండి చేపకు, చేపనుండి మన విస్తరికి వచ్చును.

ఇవి చెఱువులోనికి వచ్చు దారు లనేకములు. పాత బ్యాటరీలను కరగించి సీసము తీయు కొలుములు, లోహపు సామానులకు పూత పెట్టు కార్ఖానాలు, తోళ్లు ఊనబెట్టు చోట్లు, రంగులు, బొగ్గుతో నడచు విద్యుత్కేంద్రముల బూడిద, పొలములకు చల్లు మందులు, వీనిలో నేది యెగువనున్నను పల్లమునకు జేరక మానదు. హైదరాబాదు సమీపమున పటాన్‌చెరు పరిసరములందలి చెఱువులు కర్మాగారముల మురుగుచే చెడిన సంగతి న్యాయస్థానముల వఱకు వెళ్లినది. కృష్ణా గోదావరుల నడుమ పల్లమున నున్న మన కొల్లేరు 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యము గల జలభూమిగా రామ్‌సర్ పట్టిక కెక్కినది. ఊళ్ల మురుగును, పొలముల నీరును కాలువల వెంట దానిలోనికే చేరుచున్నవి. మనము భక్తితో నిమజ్జనము చేయు వినాయక విగ్రహముల రంగులలో గూడ సీసము మొదలగునవి యుండుట చేతనే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2010లో నిమజ్జనమునకు కొన్ని నిబంధనలు వ్రాసినది. ఇక చేపల రైతు తానుగా వేయు లోహ మొకటి కలదు. చెఱువులో పాచి మితిమీఱినప్పుడు దానిని చంపుటకు మైలుతుత్తము వేయుదురు. మైలుతుత్తమన రాగియే. చేపను విషమునుండి కాపాడగల నాచును చంపుటకు విషలోహమునే వేయుట చిత్రము గదా! ఈ మాట యేల యంటినో ముందు తెలియును.

చేపద్వారా లోహము మనుష్యునకు జేరిన నేమగునో లోకమునకు నేర్పినది జపాను దేశమందలి మినమత యను సముద్రతీరపు టూరు. అచటి చిస్సో యను రసాయన కర్మాగారము పాదరసము కలిసిన మురుగును సముద్రశాఖలోనికి వదలుచుండెను. ముందుగా పిల్లులకు పిచ్చియెత్తినది; అవి గిరగిర తిరిగి, గంతులు వేసి, నీటబడి చచ్చెడివి. జాలరుల యిండ్లలో మనుష్యులకు చేతులు వణకుట, చూపు కుంచించుట, మాట తడబడుట కనబడినది. 1956వ సంవత్సరమున నీ వ్యాధి బయటపడినది. మురుగు వదలుట 1968 వఱకు ఆగలేదు. దీనిలో స్త్రీలమైన మనము మఱవరాని విషయ మొకటి కలదు. తల్లి యారోగ్యముగానే కనబడుచుండగా ఆమె కడుపున పుట్టిన బిడ్డ మాత్రము వ్యాధితో పుట్టెడిది. తల్లి తిన్న విషమును గర్భస్థశిశువు తనమీదికి దీసికొనినదన్నమాట. ఇది నిశ్చయించుటకు సాయపడినవి బొడ్డుత్రాళ్లు. బిడ్డ బొడ్డుత్రాటిని ఎండబెట్టి చిన్న కొయ్యపెట్టెలో భద్రపఱచుట జపాను తల్లుల యాచారము. హరద మసజుమి యను వైద్యుడును ఆయన సహచరుడును ఆ త్రాళ్లను పరీక్షించి, వానిలోని పాదరసపు లెక్కను 1975లో ప్రకటించిరి. ఏండ్ల క్రిందటి విషము తల్లుల పెట్టెలలో సాక్ష్యముగా నిలిచియున్నది. మా వదినగారి ప్రశ్న చిన్నది కాదని నేను గ్రహించినది ఈ వృత్తాంతము చదివినప్పుడే.

మినమత చేపలు సముద్రపు చేపలు. చెఱువులో పెంచు చేపకు పాఱిపోవుటకు సముద్రము లేదు. రైతు నింపిన నీటిలోనే పుట్టువు, పెరుగుదల. కావున నా నీటి గుణమే దాని గుణము.

చేప నోటితో మాత్రమే కాదు, మొప్పలతో గూడ లోహమును గ్రహించును. మొప్పలు మన యూపిరితిత్తుల వంటివి. పలుచని పొరలు, వాని వెనుక నెత్తురు. నీటిలోని సున్నపుతత్త్వమును లోనికి దీసికొనుటకు మొప్పలలో సన్నని ద్వారములు గలవు. కాడ్మియము సున్నమును బోలిన వేషముతో నా ద్వారముననే లోన జొచ్చును. అమృతపు పంక్తిలో దేవతల నడుమ రాహువు కూర్చుండినట్లే! అయితే నీటిలో సున్నము సమృద్ధిగా నున్నచో ద్వారమంతయు దానితోనే నిండి, కాడ్మియమునకు చోటు చాలదు. కందిపప్పు ఉడకని నీటిని మనము తిట్టుకొందుము గదా. ఆ గట్టి నీటిలోనే చేప లోహమునుండి కొంత సురక్షితముగా నుండును. పప్పు వెంటనే ఉడుకు మెత్తని నీటిలో, అందును కొంచెము పులుపు దేరిన నీటిలో, అదే మోతాదు విషము చేపను చంపగలదు. రైతులు చెఱువునకు సున్నము వేయుటయందు నిట్టి మేలు కూడ నున్నది.

లోన జేరిన లోహము ముఖ్యముగా కార్జమునందును మూత్రపిండములయందును నిలువయుండును. చేప దేహము ఊరకుండదు. మెటలోథయోనీను అను నొక మాంసకృత్తును తయారుచేసి లోహమును దానితో కట్టివేయును. ఈ పదార్థమును తొలుత 1957లో గుఱ్ఱపు మూత్రపిండమునందు కనుగొనిరి, మనలోను కలదు. కట్టుటకు త్రాళ్లు చాలనంత లోహము వచ్చినప్పుడు కణములలో నొక విధమగు త్రుప్పు ప్రారంభమగును. ఇనుపసామాను గాలితగిలి త్రుప్పుపట్టినట్లే, దేహములోని క్రొవ్వులును పొరలును ప్రాణవాయువు తాకిడికి చెడును. కార్జము చితుకును, నెత్తురు తగ్గును, రోగమునకు నిలువజాలదు, మేత తిన్నను పెరుగదు. చచ్చిన చేపను రైతు చూడగలడు. చావక, పెరుగక, లోన విషము దాచుకొన్న చేప మాత్రము తట్టలో మంచిచేప ప్రక్కనే మెఱయుచుండును.

ఇక నాచు మాట. చెఱువు గట్టున జాఱించు పాచి కాదు నేను చెప్పునది. కంటికి కనబడని సూక్ష్మ శైవలము. దోసెడు పచ్చని నీటిని దీసికొని చూచిన రంగు కనబడును గాని గింజ కనబడదు. దానిలో క్లోరెల్లా యను నొక జాతి గలదు. 1890లో హాలండు దేశపు బైయెరింకు దానిని వేఱుచేసి పెంచి పేరు పెట్టెను. గుండ్రని యాకుపచ్చని కణము. నూఱుకు మించిన కణములను వరుసగా పేర్చినను మీల్లీమీటరు దాటుట కష్టము. రెండవది స్పైరులినా. ఇది మఱచుట్టువలె మెలికలు తిరిగిన నీలహరిత జీవి. శాస్త్రరీత్యా బాక్టీరియముల తెగకు జేరినదైనను లోకము దానిని నాచనియే పిలుచుచున్నది. ఎండిన స్పైరులినాలో నూటికి 55 మొదలు 70 పాళ్ల వఱకు మాంసకృత్తే.

స్పైరులినా క్రొత్తగా పుట్టిన మందని తలపవలదు. మెక్సికో దేశమున టెక్స్‌కోకో సరస్సునుండి అజ్టెకులు దానిని దేవి తినుచుండిరి. ఆఫ్రికాలో చాడు సరస్సు ప్రాంతమున కనెంబు జాతి స్త్రీలు నేటికిని నీటికుంటలనుండి దానిని బుట్టలతోను గిన్నెలతోను ముంచి, ఇసుకలో గుంట చేసి పోసి, నీరింకిన పిమ్మట అప్పడమువలె నెండబెట్టి ముక్కలు చేయుదురు. దానికి దిహే యని పేరు. పులుసులో వేసి వండుకొందురు. ఆ నీటిలో పురుషుడు దిగినచో కుంట గొడ్డుపోవునని వారి నమ్మకమట! పనియు స్త్రీలదే, సొమ్మును స్త్రీలదే. మన వడియములు, అప్పడములు చూచినప్పుడెల్ల నాకు వారు జ్ఞప్తికి వచ్చుచున్నారు.

ఈ కణములు లోహము నెట్లు పట్టుకొనును? మన పల్లెలలో బురదనీటి కుండలో చిల్లగింజ నరగదీసి నీటిని తేర్చుట పెద్దలెఱిగిన విద్య. సంస్కృతమున దానిని కతకమందురు. ఆ గింజ కంటికి కనబడు మడ్డిని దింపును. నాచు కంటికి కనబడని దానిని పట్టును. దాని కణపు గోడయందు గల పదార్థములు ఋణవిద్యుత్తు కలవి. నీటిలో కరగిన లోహము ధనవిద్యుత్తు కలది. రెండును తాకినంతనే అంటుకొనును. దీనికి కొలది నిమిషములు చాలును, కణము బ్రతికియుండ నక్కఱయు లేదు. ఎండిన పొడియైనను పట్టును. బ్రతికియున్న కణ మంతటితో నాగక, లోహమును మెల్లగా లోనికి దీసికొని, ఫైటోకెలేటినులను చిన్న త్రాళ్లతో కట్టి మూలకు ద్రోయును. నీటిలో నున్నదానికంటె వేలరెట్లు లోహము నాచులో నుండుట వింత కాదు. ఈ గుణమును బట్టి క్లోరెల్లా కణములను సముద్రపు నాచునుండి తీసిన జిగురుతో కలిపి సగ్గుబియ్యపు గింజలవంటి గుళికలు చేసి, గొట్టములో నింపి, లోహజలమును వానిమీదుగా పాఱించు పద్ధతి పరిశోధనాలయములలో నున్నది. గుళికలు విషమును దిగమ్రింగి నీటిని వదలును. తరువాత వానిని పలుచని ఆమ్లముతో కడిగి లోహమును వేఱుచేయవచ్చును.

రెండవ పద్ధతి, నాచును చేపకు మేతగా బెట్టుట. ఇందు ముఖ్యముగా శ్రమించినవారు ఈజిప్టు దేశపు శాస్త్రజ్ఞులు. నైలునదీ తీరమున తిలాపియా చేపల పెంపకము వారికి పెద్ద జీవనాధారము. మన గోదావరి తీరమున బొచ్చె, శీలావతు లెట్లో వారికది యట్లు. వారి పరీక్షాక్రమ మిది. ఒకే యీడు చేపలను తొట్లలో వేయుదురు. కొన్ని తొట్లలో మంచినీరు. కొన్నింట లోహము కలిపిన నీరు. మఱికొన్నింట అదే లోహజలము; కాని మేతలో నూటికి కొద్ది పాళ్లు నాచుపొడి కలిపి పెట్టుదురు. కొన్ని వారములకు నెత్తురును, కార్జమును, మొప్పలను పరీక్షింతురు. కాడ్మియముతో, పాదరసముతో, ఆర్సెనికుతో నిట్టి పరీక్షలు జరిగినవి. 2014లో ప్రకటింపబడిన యొకదానిలో క్లోరెల్లా పొడి తినిన తిలాపియాలకు ఆర్సెనికు వలన కలుగు రోగనిరోధకశక్తి క్షయము తగ్గినట్లు కనుగొనిరి. ఇట్టి పరీక్షలలో తఱచుగా కనబడిన ఫలము లివి: కార్జమునందు నిలిచిన లోహము తగ్గుట, కార్జపు గాయమును సూచించు పదార్థములు నెత్తురులో తగ్గుట, త్రుప్పును మాన్పు సహజ కిణ్వములు తిరిగి కోలుకొనుట, మేత వంటబట్టుట.

కారణములు రెండని తోచుచున్నది. కడుపులో జేరిన నాచు లోహమును తనకంటించుకొని పేగుగోడను చొరనీయక మలముతో వెలుపలికి దీసికొనిపోవును. ఇక అరిగిన నాచులోని రంగుపదార్థములు, స్పైరులినాకు నీలివన్నె నిచ్చు ఫైకోసయనిను, కారెటుపసుపు జాతివి, విటమినులు, కణముల త్రుప్పును ఆపును. అనగా ఒకటి వాకిటి కావలి; రెండవది యింటిలోని యుపచారము.

ఇంతవఱకు చదివిన సోదరి, "అయినచో చేపలామె మాటయే నిజము, పచ్చనీటి చేపయే మంచిది" యని యనుకొనవచ్చును. నేనును మొదట నట్లే యనుకొంటిని. కాని యిక్కడనే మోసపోవుదుము. ఏ గుణము వలన నాచు రక్షకమో ఆ గుణము వలననే భక్షకము. శుభ్రజలమున పెంచి, ఎండబెట్టి, ఖాళీ చేతులతో చేప కడుపులోనికి బోయిన నాచు, అచటి విషమును పట్టుకొని బయటికి వచ్చును. విషజలముననే పుట్టి పెరిగిన నాచు చేతులు నిండి యుండును. దానిని చేప మేసినచో విషమును మూటగట్టి చేపకు అందిచ్చినట్లే. నీటిలో చెదరియున్న లోహమును పోగుచేసి ఆహారపు సోపానమున మొదటి మెట్టెక్కించునది యీ సూక్ష్మ శైవలమే. మినమతలో పాదరసము చేపకు జేరిన దారిలోను మొదటి మెట్లట్టి సూక్ష్మజీవులే. కావున చెఱువు పచ్చగా నున్నదా యని కాదు, ఆ పచ్చదనము ఏ నీటిలో పుట్టినదని యడుగవలెను. మందుల యంగళ్లలో స్త్రీలకు బలమని యమ్ము నాచు బిళ్లలకును ఇదే న్యాయము. అట్టివానిని పరీక్షించినప్పుడు కొన్నింట సీసము మొదలగునవి కనబడినవి. గర్భిణికి వైద్యుని యడుగక వానినీయరాదు.

పచ్చనీటి మహిమకు కలకత్తా తూర్పు దెసనున్న చెఱువులు మంచి యుదాహరణము. సుమారు 12,500 హెక్టారుల ఆ జలభూమిలో పట్టణపు మురుగును లోతులేని చెఱువులలో నిలువజేయుదురు. ఎండ తగులును, నాచు పుట్టును, నాచు వదలిన ప్రాణవాయువుతో మురుగు శుద్ధియగును, నాచును చేప మేయును. జాలరులు తరములనుండి యెఱిగిన యీ విద్యను ధ్రువజ్యోతి ఘోషు అను నింజనీరు లోకమునకు చాటెను; 2002లో అదియు రామ్‌సర్ పట్టిక కెక్కినది. ఇండ్ల మురుగున కిది దివ్యమైన యుపాయము, ఏలయన నది కుళ్లి మాఱగలది. తోళ్ల పరిశ్రమనుండి వచ్చు క్రోమియము వంటిది మాత్రము మాఱదు. అడుగు బురదలో నిలిచిపోవును. పాచి యెంత పనిచేసినను బురదను ఎవరైన కదపిన పాత బాకీ పైకి తేలును. కావుననే మురుగును కర్మాగారపు నీటితో కలియనీయరాదని అచటి విషయ మెఱిగినవారు చెప్పుచుందురు.

మఱియు నీ తొట్ల పరీక్షలను చూచి తొందరపడరాదు. తొట్టిలో లోహ మొక్కటే. చెఱువులో నాలుగు కలిసియుండును. తొట్టిలో కొన్ని వారములు. చెఱువులో చేప ఏడాది యుండును. నాచుపొడి ఖరీదు, తవుడు, వేరుశనగచెక్క ఖరీదులతో పోల్చదగినది కాదు. పిల్లచేపలకును, గ్రుడ్లు పెట్టు తల్లిచేపలకును పెట్టుట రైతునకు సాధ్యము కావచ్చును. ఎకరములకొలది చెఱువుల కెల్ల పెట్టుమనుట తేలిక మాట కాదు. అంతకంటె ముఖ్యముగా, నాచు తినిన చేపయు లోహమును తగ్గించుకొనినదే గాని పూర్తిగా పోగొట్టుకొనినది కాదు.

కాళీయుని కథ మన మెఱిగినదే. మడుగు విషమైనది, నీరు త్రాగిన యావులు, గోపాలకులు కూలిరి. శ్రీకృష్ణుడు మడుగులో నే మూలికయు కలుపలేదు. పామును సముద్రమునకు వెడలగొట్టెను. చేపకు నాచుపొడి పెట్టు శాస్త్రజ్ఞులు సైతము దానిని కర్మాగారపు గొట్టమునకు బదులుగా చెప్పుట లేదు. గొట్టము మూయుటకు పట్టు కాలమున, ఆ నడుమ, చేపను కొంత కాపాడు మార్గమిది. ఈ భేదమును విడిచి, "నాచుతో సర్వవిషహరణము" అని యమ్మజూపువారు రేపు రాకపోరు. అప్పుడు నమ్మకుందుము గాక.

ఇక మన వంటయింటి మాట. చేప మానుమని నేను చెప్పను. పాదరసము తక్కువగా గల చేపలను గర్భిణులు వారమునకు 225 మొదలు 340 గ్రాముల వఱకు తినవచ్చునని అమెరికా ప్రభుత్వపు ఆహార శాఖవారి సలహా. బిడ్డ మెదడునకు చేపలోని క్రొవ్వు మేలుచేయును. పాదరసము పెద్దచేప చిన్నచేపను మ్రింగుకొలది పెరుగును. బొచ్చె, శీలావతి నీటిలోని సూక్ష్మజీవులను, పచ్చదనమును తిను చేపలు గనుక వానిలో నది తక్కువ. ఎఱ్ఱమోసు అడుగున బురదలో మేయును. చెఱువు మంచిదని తెలిసిననే దానిని కొనవలెను. మెత్తళ్లు, కవళ్లు వంటి చిన్న సముద్రపు చేపలు మంచివి. తీరప్రాంతముల బాలింతలకు పాలు పడునని సొరపిట్టు పెట్టు నాచారము కలదు. పెద్దలు ప్రేమతో పెట్టునదే. కాని సొర సముద్రమున ఇతర చేపలను మ్రింగి బ్రతుకునది, దాని మాంసమున పాదర మధికము. చంటిబిడ్డ తల్లికి దానికి బదులు చిన్న చేపలు పెట్టిన ఆచారమును నిలుచును, బిడ్డయు సుఖపడును.

సీసము, కాడ్మియములు మాంసమున కంటె లోపలి యవయవములందు హెచ్చు. కావున కార్జము, ప్రేగులు, మొప్పలు తీసివేయవలెను. తలకాయ పులుసునకు తల యుంచినను మొప్పలు తప్పక తీయవలెను. చేప కడుపు చీల్చినప్పుడు వెన్నెముక వెంబడి నల్లగా గడ్డకట్టిన నెత్తురువలె కనబడునది నెత్తురు కాదు, చేప మూత్రపిండము. వ్రేలితో గీకి కడిగివేయవలెను. పాదరసము మాంసములోనే కలిసియుండును గనుక ఉప్పు, పసుపు, చింతపండు వేసి యెంత కడిగినను, ఎంత ఉడికించినను పోదు. చేపమాంసమున సీసము కిలోకు 0.3 మిల్లీగ్రాములు మించరాదని అంతర్జాతీయ ఆహార ప్రమాణముల సంఘము నియమించియున్నది. కాని అది మన కంటికిని నాలుకకును తెలియునది కాదు. పరీక్షింపుమని పంచాయతీని, మత్స్యశాఖను అడుగుట మన హక్కు. పాత బ్యాటరీలను, పగిలిన పాదరసపు జ్వరమాపకములను, ట్యూబుదీపములను పెంటకుప్పపై బాఱవేయక వేఱుగా నుంచి యిచ్చివేయుట మన చేతిలోని పని.

మఱునాడు చేపలామె వచ్చినప్పుడు వదినగారు ఆమెను కూర్చుండబెట్టి, ఏ యూరి చెఱువు, నీరు ఏ కాలువది, ఎగువ నే కర్మాగారమైన నున్నదా యని వరుసగా నడిగిరి. ఆమె మొదట విసుగుకొన్నది. తరువాత కాలువ పేరు చెప్పినది. అది పంటకాలువ నీరే. ఒక కిలో శీలావతిని కొని, మొప్పలు, కార్జము ఆమె చేతనే తీయించి, వెన్నువెంట నేనే గీకి కడిగితిని. ఆ పిల్ల రెండుమార్లు అడిగి వడ్డించుకొన్నది. ఇప్పుడు చేపలామె తట్ట దించుటకు ముందే, "ఇవాళ ఫలానా చెరువుదమ్మా" యని కేకవేయుచున్నది.